వహీద్ భాయ్ టెస్టింగు

తీగ లేని మైకు చేతిలో ఉన్నంతసేపూ వహీద్ భాయ్ ఒక చోట నిలబడడు. నడుస్తాడు. తన గొంతు స్పీకర్లలో వినిపిస్తున్నంత దూరం నడుస్తూనే ఉంటాడు. అది ఎక్కడ తెగిపోతుందో చూస్తే గానీ ఆయనకు అన్నం సయించదు. ఆలేరులో పెళ్లయినా, సభయినా ముందు జరిగేది వహీద్ భాయ్ నడక. మిగతా కార్యక్రమమంతా ఆ తర్వాతే.

ఆ మైకు రాకముందు ఆయన చాలా నిలకడైన మనిషి. స్టేషన్ రోడ్డులో మైక్‌సెట్టు కిరాయికిచ్చే దుకాణం. రెండు హారన్లు, ఒక ఆంప్లిఫయర్, నాలుగు తీగ మైకులు. తీగ ఎంత పొడుగుంటే అంత దూరమే ఆయన ప్రపంచం. తొంభై ఒకటిలో హైదరాబాదు కోఠీకి వెళ్లి ఆ కొత్త మైకు కొనుక్కొచ్చాడు. అప్పటి నుంచి ఆయన్ని కట్టి ఉంచే తీగ లేకుండా పోయింది.

నేను ఆలేరు హైస్కూల్లో సైన్సు టీచర్ని. మా ఇంటి గోడకు అవతల ఆయన దుకాణం. మైకుతో పాటు వచ్చిన ఇంగ్లీషు కాగితం నాతోనే చదివించుకున్నాడు. ఆరుబయట నూరడుగుల దాకా పనిచేస్తుందని అందులో ఉంది.

"అది రాసినోడు నడిచి సూసిండా సార్?" అని అడిగాడు.

నాకు తెలియదన్నాను.

"మరి?" అన్నాడు వహీద్ భాయ్. చెప్పులేసుకుని ఆ సాయంత్రమే నడక మొదలుపెట్టాడు. కాగితం చెప్పిన నూరడుగులు దాటి చాలా దూరం పోయినా గొంతు తెగలేదు.

ఆ మైకును ఆయన సిద్ధం చేసే తీరు చూడాల్సిందే. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు కూడా అంత శ్రద్ధ ఉండదు. ముందు తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీని నాలుకకు ఆనించి చూస్తాడు. జుమ్మంటే మైకులో వేస్తాడు, చప్పగా ఉంటే పారేస్తాడు. నా వోల్టుమీటరు వాడుకోమని ఇస్తే, అదెక్కడన్నా మర్చిపోతానని, నోరైతే ఎప్పుడూ వెంటే ఉంటుందని తిరిగిచ్చేశాడు. తర్వాత రిసీవర్ పెట్టెను ఆంప్లిఫయర్‌కు దూరంగా, కాస్త ఎత్తు మీద పెట్టి దాని ఏరియల్ పైకి గుంజుతాడు. మొదట మైకు స్విచ్చి వెయ్యాలి, తర్వాతే పెట్టె స్విచ్చి. ఆ వరస తప్పితే హారన్లు ఘర్రుమని పందిరి ఎగిరిపోయేంత గోల పెడతాయి. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగిందంటే మైకు పలుకుతోందన్నమాట.

మైకు అడుగున జానెడు తీగ తోకలా వేలాడుతుంటుంది. దాన్ని గుప్పిట్లో బిగిస్తే గొంతు తెగిపోతుంది. కాబట్టి మైకు అందుకునేవారు సర్పంచి అయినా, పంతులు గారయినా, పెళ్లికొడుకయినా వహీద్ భాయ్ చెప్పే ఉపదేశం ఒకటే. "తోక పట్టకుండ్రి." ఒకసారి ఓట్ల సభలో ఎవరో పెద్ద నాయకుడు ఆవేశం వచ్చి తోకతో సహా బిగించి పట్టుకున్నాడు. వహీద్ భాయ్ వేదికెక్కి, ఆయన ఉపన్యాసం ఆపకుండానే, వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి మళ్లీ సర్దిపెట్టి దిగొచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. నాయకుడు తనకే అనుకుని నమస్కారం పెట్టాడు.

ఇక నడక సంగతి. మైకు పరీక్షించేవాళ్లు ఎక్కడైనా హలో హలో అంటారు. వహీద్ భాయ్ అనడు. ఆయనకు ఆ మాట అబద్ధంలా తోస్తుందట, ఎదురుగా ఎవరూ లేనప్పుడు ఎవరిని పలకరిస్తున్నట్టు? అందుకని నడుస్తూ, కంటికి కనిపించేది కనిపించినట్టు చెబుతాడు. పందిట్లో కూర్చున్నవాళ్లకు ఊరంతా చెవుల్లో కనిపిస్తుంది.

"ఇప్పుడు నేను బక్కయ్య హోటల్ ముంగట ఉన్న," అని ఒకరోజు హారన్లు చెప్పాయి. "బక్కయ్య మిర్చీలు ఏస్తున్నడు. నూనె నిన్నటిదే."

బక్కయ్య జల్లిగంటెతోనే రోడ్డు మీదికి వచ్చాడు. "నీకేం అన్యాలం చేసిన భాయ్?" అని అడిగాడు. అది కూడా హారన్లలోనే వినిపించింది.

"ఏం చెయ్యలే. గొంతు సాఫ్‌గ వస్తాందా లేదా, గది చెప్పు."

"వస్తాంది. ఊరి మీదికంతా వస్తాంది."

"అయితే మంచిగున్నట్టే," అని వహీద్ భాయ్ ముందుకు సాగిపోయాడు. అప్పటి నుంచి ఆలేరులో ఎక్కడ పందిరి గుంజ పాతినా బక్కయ్య నూనె మారుస్తాడు. పెళ్లిళ్ల సీజన్లో మా ఊరి మిర్చీలకు సాటి లేదు.

లింగయ్య కూతురి పెళ్లిలో ఇంకో ముచ్చట. ముహూర్తం దగ్గర పడుతోంది, మైకు మాత్రం రైల్వే గేటు దగ్గర ఉంది. పంతులు గారు మంత్రానికి నోరు తెరిచారు. హారన్లలో మాత్రం ఎవరిదో గొంతు, "పండ్లు సూసి మాట్లాడే, ఇది ముసలిది," అంది. మగపెళ్లివారు వధువు వైపు అనుమానంగా చూశారు. వధువు మేనత్త కొంగు బిగించి లేచింది. గేటు దగ్గర ఆగినవాళ్లు మేకను బేరమాడుతున్నారని అందరికీ నచ్చజెప్పేసరికి లింగయ్య చొక్కా తడిసిపోయింది.

చదువుకున్నవాణ్ణి కనుక వహీద్ భాయ్‌కి నచ్చజెప్పే బాధ్యత నా మీద పడింది. పందిట్లో ఉండాల్సిన మైకును గేటు దాకా తీసుకుపోవడం దేనికని అడిగాను. దూరం పెరిగినకొద్దీ అలల బలం తగ్గిపోతుందని, అందులో కొత్తగా కనిపెట్టాల్సింది లేదని, నల్లబల్ల దగ్గర చెప్పినట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఎందుకన్న మంచిది సార్," అన్నాడు, బ్యాటరీని నాలుకకు ఆనిస్తూ.

తొంభై మూడు ఎండాకాలంలో మాకు అమ్మాయి పుట్టింది. బిడ్డ హాయిగానే నిద్రపోయేది, నిద్ర లేనిది నాకు. ఊపిరి పీలుస్తోందో లేదో చూడటానికి లేచేవాణ్ణి. పీలుస్తోంటే మరీ వేగంగా పీలుస్తోందేమోనని కూర్చునేవాణ్ణి. చూడవచ్చిన ప్రతివాళ్లతోనూ సబ్బుతో చేతులు కడిగించి గానీ గడప దాటనివ్వలేదు. చుట్టాల్లో సగం మంది బిడ్డను చూడకుండానే చేతులు కడుక్కుని వెళ్లిపోయారని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మా దగ్గర ఇరవయ్యొక్క దినం నాడు బిడ్డను తొట్టెలలో, అంటే ఉయ్యాలలో వేసి పేరు పెడతారు. ఆ పేరు మొదట బిడ్డ చెవిలో చెప్పాల్సింది మేనత్త. మా అక్క సావిత్రమ్మది అదే ఊరు, మూడు సందుల అవతల ఇల్లు. నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్నప్పటి నుంచే ఆమె ఈ రోజు కోసం ఎదురుచూస్తోంది. కిరణ్మయి అని నేను పేరు అనుకుంటే, రోజూ వంటింట్లో పలికి చూసుకుని, నోటికి బాగానే తిరుగుతోందని ఒప్పుకుంది కూడా.

సరిగ్గా అప్పుడే అక్కకు అమ్మవారు పోసింది. గుమ్మానికి వేప మండలు కట్టారు. ఆమె బయటికి రావడానికి లేదు, బిడ్డను అక్కడికి తీసుకుపోయే మాట అసలే లేదు. తిరుమలగిరి నుంచి చుట్టాలు బయల్దేరి వచ్చేశారు. వరుసకు నాకు చెల్లెలయ్యే నిర్మలమ్మతో పేరు చెప్పిద్దామని పెద్దవాళ్లు తేల్చారు. ఆ మాట చెప్పడానికి నేను అక్క ఇంటి సందులో, కిటికీకి బాగా దూరంగా నిలబడ్డాను.

"మంచిది తమ్మీ," అంది అక్క లోపలి నుంచి. "ఎవ్వరు చెప్తే ఏంది, పేరే కదా."

ఆ తర్వాత ఏమీ మాట్లాడలేదు. మా అక్క పాలు పొంగితే పాలతో కూడా మాట్లాడే మనిషి. ఆమె మాట్లాడకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఇంటికొచ్చి, ఎవరికి చెప్పుకోవాలో తెలియక గోడ అవతల వహీద్ భాయ్‌కి చెప్పుకున్నాను. తొట్టెల నాటి మైక్‌సెట్టు పని ఆయనదే. హారన్ల మొఖం ఎటు పెట్టాలని మాత్రం అడిగాడు. బిడ్డ చెవులకు దూరంగా, బయటికి, ఆ సందుల వైపు పెట్టమన్నాను. సంతోషంగా తలూపాడు.

తొట్టెల రోజు పొద్దున్నే నడక మొదలైంది. ఎప్పుడూ ఒకసారి నడిచి ఊరుకునేవాడు, ఆ రోజు పోతున్నాడు, మొఖం చిన్నది చేసుకుని వస్తున్నాడు, మళ్లీ పోతున్నాడు. ప్రతిసారీ గొంతు ఒకే చోట, రైస్‌మిల్లు రేకుల షెడ్డు దగ్గర తెగిపోతోంది. చివరికి, తొట్టెల తాడు గట్టితనం పరీక్షిస్తున్న నా దగ్గరికి వచ్చాడు.

"సార్, రేకుల షెడ్డు అడ్డమొస్తే అలలు పోవా?"

ఆ మనిషి నన్ను సైన్సు అడగడం అదే మొదటిసారి. తాడు వదిలేసి పాఠం చెప్పాను. రేకు అలల్ని వెనక్కి కొడుతుంది, పెట్టెను షెడ్డు కప్పుకంటే ఎత్తున పెడితే అలలు పైనుంచి వచ్చి అందుతాయి. ఆయన వెంటనే మా డాబా ఎక్కాడు. పందిరి గుంజల్లో మిగిలినదాన్ని నిలబెట్టి, దాని కొసన రిసీవర్ పెట్టెను తాడుతో కట్టి, తీగ కిందికి ఆంప్లిఫయర్ దాకా దింపాడు. నా పాఠం ఎవరైనా అంత తొందరగా ఆచరణలో పెట్టడం నేను ఎన్నడూ చూడలేదు. సంబరపడ్డాను. కానీ చెవిలో చెప్పే పేరుకు ఇంత హంగామా ఎందుకని కూడా అడిగాను.

"ఎందుకన్న మంచిది సార్," అని ఆయన మైకు పట్టుకుని మాయమయ్యాడు.

బిడ్డను తొట్టెలలో వేశారు. ఆడవాళ్లు పాట అందుకున్నారు. నిర్మలమ్మ చేతులు రెండోసారి కూడా కడుక్కుని, పేరు చెప్పడానికి తొట్టెల మీదికి వంగింది. అప్పుడు హారన్లు టక్కుమన్నాయి.

"నిర్మలమ్మా, జర ఆగుండ్రి. నేను సావిత్రక్క కిటికీ కాడ ఉన్న."

పాట ఆగిపోయింది. నిర్మలమ్మ వంగినది వంగినట్టే ఉండిపోయింది. నాకు మొదట గుర్తొచ్చింది అమ్మవారు, అంటు, ఆ మైకు, అది తిరిగి మా ఇంటికే రావడం.

"మైకు కిటికీ బయటనే పట్టుకున్న సార్," అన్నాయి హారన్లు. "నాకు చిన్నప్పుడే పోసింది. ఫికర్ చెయ్యకుండ్రి."

నా పక్కన లింగయ్య తాపీగా తమలపాకు ఈనె తీస్తున్నాడు. అతనికి ఇందులో వింతేమీ కనిపించినట్టు లేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే జాలిపడి చెప్పాడు.

"మా బిడ్డ పెండ్లికి గట్లనే చెయ్యలేదా సార్? రైలు గేటు కాసే గాలయ్య మా బిడ్డకు మేనమామ. బండ్లొచ్చే యాళ, గేటిడిసి రాలేకపోయె. గేటు కాడికే మైకు పట్కపోతే ఆడినుంచే దీవించె. నువ్వు ఇనలేదా?"

ఆ పెళ్లికి నేను వెళ్లాను. మేక మాట విన్నాను. ఆ తర్వాత ఏరియల్ ఎంత పొడుగు ఉంటే మంచిదని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. అంతకుముందు మంచం పట్టిన వాళ్లూ, కడుపుతో ఉన్నవాళ్లూ, పందిట్లోకి రావడానికి మొహమాటపడే విధవరాళ్లూ ఎంతమంది గొంతులు ఆ మైకులో వచ్చాయో లింగయ్య చెప్పుకుపోతుంటే, ఆ గొంతు తెగిపోయే చోటు కోసం వహీద్ భాయ్ అన్నేళ్లుగా ఎందుకు వెతుకుతున్నాడో నాకు తెలిసింది. రైస్‌మిల్లుకు అవతలే మా అక్క ఇల్లు. తెగిపోయే చోటుకు అవతల ఎవరి ఇల్లుందో ఆయనకు ముందే తెలిసి ఉండాలి.

హారన్లలో గాజుల చప్పుడు వినిపించింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. వెనక నుంచి, తోక పట్టొద్దని అలవాటు కొద్దీ వహీద్ భాయ్ చెప్పడం, మైకు నా చేతుల లేనే లేదు కదా అని అక్క అనడం కూడా ఊరికి వినిపించాయి. నిర్మలమ్మ నవ్వి పక్కకు జరిగింది. మా ఆవిడ తొట్టెలను హారన్ల వైపు కొద్దిగా తిప్పింది.

"కిరణ్మయి," అంది అక్క. మళ్లీ అంది. మూడోసారి కూడా అంది. చెవిలో చెప్పే పేరు కనుక గుసగుసగానే చెప్పింది. రెండు హారన్లూ ఆ గుసగుసను స్టేషన్ దాకా మోసుకుపోయాయి.

అక్కడితో ఆగితే ఆమె మా అక్క కాదు.

"తమ్మీ, బిడ్డకు స్వెట్టర్ తొడిగినవట. గీ ఎండలకు స్వెట్టరేందిరా? ఇప్పు." పందిట్లో నవ్వులు లేచాయి. మా ఆవిడ వెంటనే స్వెట్టర్ విప్పేసింది. "వహీద్ భాయ్ అన్ని చెప్పిండు. పప్పుల ఉప్పు తక్కువైందట, గదిగూడ సూడుండ్రి. తొట్టెలకు కట్టిన చీర మంచిగుందట." తర్వాత అడిగింది. "పేరు ఇన్నదా బిడ్డ? ఏమన్నది?"

సందుల వైపు తిప్పిన హారన్లు అక్క కిటికీకి బాగానే వినిపిస్తాయని అప్పుడు తట్టింది. కట్నాల చదివింపులకు పెట్టిన తీగ మైకు పందిట్లోనే ఉంది. దాన్ని తీసుకుని నేనే, నా చేత్తోనే, తొట్టెల దగ్గరికి పట్టాను. కిరణ్మయి ఆ గుండ్రటి జాలీని కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. ముక్కు ముడిచింది. తుమ్మింది.

ఆ తుమ్ము హారన్లలో ఊరంతా మోగింది. నా చెయ్యి దానంతట అదే జేబులోంచి థర్మామీటర్ తీసింది.

"నూరేండ్లు," అన్నాయి హారన్లు. అక్క గొంతూ వహీద్ భాయ్ గొంతూ ఒక్కసారే వచ్చాయి, ఏది ఎవరిదో విడదీయడానికి లేదు.

వెంటనే అక్క ఒక్కతే అంది. "తమ్మీ, ఒక్క తుమ్మే అది. థర్మామీటర్ జేబుల పెట్టు."