పడవెక్కిన ఇరవై ముగ్గురు

హొసకోటె వైపు వెళ్ళే మా కంపెనీ బస్సులో సీటు దొరకడం ఉద్యోగం దొరకడం కన్నా కష్టంగా ఉండిన ఆ తొంభైల రోజుల్లో, నేను కథ చెప్పి సీటు సంపాదించాను. (డిగ్రీ వల్ల నాకు కలిగిన ప్రత్యక్ష ప్రయోజనం ఇదొక్కటే.) మా ఫోర్‌మన్ అన్న రోజూ పక్క సీటులో తన టిఫిన్ క్యారియర్ పెట్టి నాకు చోటు ఆపేవాడు. బదులుగా నేను ఫుట్‌పాత్ మీద కొన్న ఒక ఇంగ్లీషు నవలల వరసను, రాజులూ డ్రాగన్లూ ఉన్నదాన్ని, ఆయనకు తెలుగులో చెప్పాలి. కథ ఆగితే గంటంబావు నిలబడి ప్రయాణం.

ఒక్కో సంపుటం ఇటుకంత. మొదటిదాంట్లో కోటకు బయలుదేరిన రాకుమారుడు మూడోదాంట్లో కూడా దారిలోనే ఉన్నాడు. ఎదురైన ప్రతివాడికీ, దారిలో అన్నం పెట్టిన వంటాయనతో సహా, ఒక వంశం, ఒక పగ, ఒక అధ్యాయం. అన్న పాపం ఓపిక గలవాడే, అయినా ఒకరోజు అననే అన్నాడు: "ఏమప్పా, ఆ పిల్లోడు ఇంగా గుర్రం మీదనే ఉండాడా? మన బస్సే మేలు గదా, ఎట్లో ఒగట్ల చేరతాది."

ఆ మాట నాకు తగిలింది. రచయిత చేయలేని పని నేనే చేయాలని నిశ్చయించుకుని, మర్నాడు కథకు అడ్డం వస్తున్న ఇరవై ముగ్గుర్ని ఒకే పడవ ఎక్కించి నది మధ్యలో ముంచేశాను. (పుస్తకంలో పడవ లేదు. నదీ లేదు.) మూడు వందల పేజీలు కలిసొచ్చాయి. అన్న మాత్రం "వంటాయన గూడానా?" అని అడిగి, ఫ్యాక్టరీ వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నెల తిరక్కుండా నాలుగో సంపుటం మొదలుపెట్టాను. అసలు రాజవంశపు వారసుడు ఆ వంటాయనేనట.

మర్నాడు బస్సెక్కుతూనే, "అన్నా, వంటాయన బతికే ఉండాడు. ఈత వచ్చంట," అన్నాను.

అన్న క్యారియర్ తీయలేదు. "ఆ పొద్దు నేను ఈ బస్సులోనే కండ్లు తుడుసుకుంటి. నువ్వు సూసుండవు. సచ్చినోణ్ణి లేపద్దప్పా. రాజ్యం ఎవురికిస్తావో నువ్వే సూసుకో."

కమ్మీ పట్టుకుని నిలబడే ఆలోచించాను. ఊరు దాటాక, "వంటాయన పెండ్లాం ఉండాది గదన్నా, ఆమెకిస్తే?" అన్నాను.

అన్న క్యారియర్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "కూర్సో."

పుస్తకంలో వంటాయనకు పెళ్ళే కాలేదు. ఇక ఆ పుస్తకం తెరవకుండానే, మొండిగా రెండేళ్ళు ఆ రాజ్యం నడిపాను. అన్న రిటైరయ్యే ముందు రోజు ఆవిడకు పట్టాభిషేకం చేశాను. "బాగుండాది," అన్నాడు, అంతే.

అసలు రచయిత ఆఖరి సంపుటం తెచ్చేసరికి నాకు కళ్ళద్దాలూ, అదే దారిలో మరింత నెమ్మదిగా వెళ్ళే సొంత కారూ వచ్చాయి. ఆ సంపుటమూ కొన్నాను. వంటాయన నెత్తిన కిరీటం పెట్టడానికి ఆ రచయితకు నూట ఎనభై పేజీలు పట్టింది. పట్టుదలగా అన్నీ చదివాను. చివరి పేజీ మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను: "ఈయన నదిలో పోయాడు. అన్నకు తెలుసు."