మగ్గం గుంతలో దిగిన ఆఫీసరు

నేను రిటైరైన కొత్తలో గుడియాత్తంలో మా వార్డుకు ఒక కౌన్సిలరు ఉండేవాడు. ఎవరు ఏది అడిగినా చేతులు జోడించి, "రేపు అయిపోతాది నాయనా" అనేవాడు. మా నేత వీధికి మురుగు కాలువ వేయిస్తానని ఆయన చెప్పిన రోజులు నా డైరీల్లో పదకొండు ఉన్నాయి. వాన పడితే నీళ్ళు, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతల్లోకి వచ్చేవి. ఒక పడుగు తడిసి పాడైతే ఆ ఇంటికి నెల పని పోయినట్టే.

పదవీకాలం ముగిశాక ఆయన పరీక్ష రాసి టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసరయ్యాడు. "ఈయప్ప శత్రువును గూడా రేపు రమ్మంటాడు" అన్నాడు మా టీ కొట్టాయన.

మొదటి సెలవుకు వచ్చినప్పుడు మా పక్కింటి అవ్వ ఆయన్ని ఆపి, "కాలవ ఎప్పుడొస్తాదప్పా?" అని అడిగింది.

ఆయన నిటారుగా నిలబడి, "రాదవ్వా. మీ వీధి పల్లంలో ఉండాది, నీళ్ళు పొయ్యే దారి లేదు. ఇంజనీరు నాకు అప్పుడే చెప్పినాడు. గుంత పూడ్చి మగ్గాన్ని దిమ్మెల మీదికి ఎత్తుకోండి" అన్నాడు.

అవ్వ నూలు కండె చుట్టడం ఆపలేదు.

"ఈ మాట నువ్వూ అప్పుడే చెప్పుంటే నా మూడు పడుగులు మిగిలుండేవి గదప్పా."

ఆయన బూట్లు విప్పి, రాత్రి వాన నీళ్ళు నిలిచిన ఆమె మగ్గం గుంతలో దిగి, నీళ్ళు తోడడానికి బకెట్ అడిగాడు.

ఆయన సెలవు పది రోజులు, మా వీధిలో మగ్గాలున్న ఇళ్ళూ పది. రోజుకు ఒకటి చొప్పున తొమ్మిది మగ్గాలు ఎత్తించి, పదో రోజు రైలెక్కాడు. పదో ఇంటివాళ్ళు ఆయనతో ఇప్పటికీ మాట్లాడరు.