నా పేరు పెట్టిన పాటగాడి వంతు

ఈ మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో పెరుగన్నం కలుపుకుంటుంటే ఫోన్ టింగుమంది. ఆసుపత్రి సందేశం. మీ రిపోర్టు సిద్ధంగా ఉంది, చూడటానికి ఇక్కడ నొక్కండి. ఆరు నెలలకోసారి వచ్చేదే. అయినా ఆ ‘నొక్కండి’ చూసేసరికి ముద్ద వదిలేసి నీళ్ల గ్లాసు ఎత్తి గటగటా తాగేశాను. ఎదుట కూర్చున్న అమ్మాయి, మా టీములో కొత్తగా చేరిన పిల్ల, “ఏమైంది సార్, మిరపకాయ కొరికారా?” అంది. “లేదమ్మా, దుర్గం చెరువు నీళ్లు తాగాను” అన్నాను. ఆ చెరువు అడుగున పెద్ద సర్వర్ గది ఉందనీ, చలికాలం పొద్దున నీళ్ల మీద లేచే ఆవిరి ఆ కంప్యూటర్ల వేడిదేననీ ఈ పిల్లకు నెల కింద చెప్పాను. పాపం, ఊరి నుంచి వచ్చిన వాళ్ల మేనత్తను తీసుకెళ్లి మరీ చూపించిందట. అది నా జబ్బు. నిజం చప్పగా ఉంటే చూస్తూ ఊరుకోలేను.

మా ఇంట్లో ఈ జబ్బుకు ఒక కట్టడి ఉంది. నేను ఏ కథ చెప్పినా మా ఆవిడ చివరిదాకా వింటుంది. విని, ముఖంలో ఏ మార్పూ లేకుండా, “తూచా?” అంటుంది. చిన్నప్పుడు ఆటల్లో కాలు గీత దాటితే తూచ్ అనేవాళ్లం కదా, అంటే జరిగింది జరగనట్టే. అబద్ధమైతే నేను తూచ్ అనాలి. అనలేదంటే అది నిజమని లెక్క. ఆమెది చందానగర్, నాది కడప పక్క పల్లె, ఇద్దరికీ పరిచయం ఇదే ఆఫీసులో. పెళ్లయిన నాటి నుంచి ఈ కట్టుబాటు నేను తప్పలేదు, మూడేళ్ల కింద ఒక్క నాలుగు రోజులు తప్ప.

మా ఆవిడకు ఒక పిచ్చి ఉంది, వీడియో ఆటలు. అదీ మామూలువి కాదు. నిన్నగాక మొన్న తయారై ముప్పై ఏళ్ల కిందటివాటిలా వేషం వేసుకున్న ఆటలు. బొమ్మలన్నీ చిన్న చిన్న చదరాలు పేర్చినట్టుంటాయి. సంగీతం జాతరలో కొన్న పీపీలా ఉంటుంది. “ఇన్ని లక్షల రంగులున్న టీవీ కొనిపించి ఇందులో ఈ గళ్ల లుంగీ చూస్తావేమే?” అని వెక్కిరించేవాణ్ణి. తెరకు ఒక పక్క ఆమె మనుషులు ముగ్గురు వరసగా నిలబడతారు: కత్తి పట్టిన పిల్ల, మందులిచ్చే ముసలామె, ఒక పాటగాడు. రెండో పక్క భూతం. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు దెబ్బ వెయ్యాలి. పాటగాడికి కత్తి లేదు, మంత్రం లేదు. కోతలు కోస్తాడు. అవి వింటూ భూతం తన వంతు మరిచిపోతుంది. వాడికి నా పేరు పెట్టింది. అడిగితే, “ఇంకెవలికి పెట్టాలె?” అంది.

ఆమె ఎడమ చంక దగ్గర చింతగింజంత గడ్డ తగిలింది ఆ రోజుల్లోనే. సూది పెట్టి పరీక్షకు ముక్క తీశారు. ఫారం నింపింది నేను, నా నంబరు రాసింది నేను. మంగళవారం ఆఫీసులో ఉండగా సందేశం వచ్చింది. వేలు దాని మీద దాకా వెళ్లి ఆగింది.

ఎందుకాగిందో చెప్పాలంటే మా కొలువు గురించి చెప్పాలి. కస్టమర్లు పంపే ఫిర్యాదును మేం టికెట్ అంటాం. మా దగ్గర పద్ధతేమిటంటే, టికెట్‌ను ఎవరైనా తెరిచిన క్షణం నుంచే గడియారం నడుస్తుంది. నాలుగు గంటల్లో జవాబివ్వాలి. ఎవరూ తెరవని టికెట్‌కు గడువే లేదు. అందుకని ఇంటికెళ్లే వేళ వచ్చినవాటిని పైనుంచే వాసన చూసి వదిలేస్తాం, తెరవం. అన్నేళ్లు అదే పని చేసిన వేలు కదా. తెరవకపోతే మొదలవదు అనుకుంది. వేలేమిటి, నేనే అనుకున్నాను.

ఇంటికెళ్లగానే అడిగింది, “రిపోర్టు వచ్చిందా?”

“రాలేదు. ల్యాబులో మిషన్ చెడిపోయిందంట. చెన్నై నుంచి మనిషి రావాలంట.”

“తూచా?”

“కాదు” అన్నాను. ఆమె కుక్కర్ మూత పెట్టడానికి అటు తిరిగింది.

ఇక ఆ నాలుగు రోజులు. ఫోన్ చొక్కా జేబులో ఉంటే గుండెకు తగులుతోందని ప్యాంటు జేబులోకి మార్చాను. అక్కడ తొడ కాలినట్టుండేది. లిఫ్టులో ఎవరి ఫోన్ మోగినా నా జేబు తడుముకునేవాణ్ణి, తెలియని నంబరు వస్తే మాత్రం ఎత్తేవాణ్ణి కాదు. ఆమె తల దువ్వుకోవడానికి ఎడమ చెయ్యి ఎత్తితే నేను కిటికీ వైపు చూసేవాణ్ణి. గచ్చిబౌలి రాళ్లు రోజుకో అంగుళం జరుగుతాయని ఒక కథ మొదలుపెట్టి, నడుమ ఏం చెప్పాలో తోచక ఆపేశాను. నా కథ ఒకటి అలా సగంలో చావడం అదే మొదలు.

సాయంత్రాలు మాత్రం ఆమె పక్కన సోఫాలో కూర్చుని ఆ గళ్ల లుంగీనే చూసేవాణ్ణి. అప్పుడర్థమైంది దాని మహత్తు. భూతం ఎంత పెద్దదైనా, నోట్లో నిప్పులున్నా, మన వంతు వచ్చాక అది ఆగుతుంది. ఉన్నచోటే కాస్త పైకీ కిందికీ ఊగుతూ నిలబడుతుంది. కింద పెట్టెలో నాలుగు మాటలు: కొట్టు, మంత్రం, కాచుకో, పారిపో. పక్కన చిన్న బాణం మినుకుమంటుంది. మీరు లేచి వెళ్లి పప్పు తాలింపు పెట్టి రండి, స్నానం చేసి రండి, అది ఆగే ఉంటుంది. లోకంలో ఇంత మర్యాద ఉన్న భూతాన్ని నేనెక్కడా చూడలేదు. “గందుకే నాకిది ఇష్టం” అంది ఆమె. “ఆఫీసుల ఎవడాగుతడు చెప్పు, మనం ఆలోచించేదాక?” నేనైతే ఎప్పుడూ ‘పారిపో’ నొక్కమనేవాణ్ణి. ఆమె ఒక్కసారీ నొక్కలేదు.

శనివారం సాయంత్రం పెద్ద భూతం ఎదురైంది. కత్తిపిల్ల పడిపోయింది. ముసలామె దగ్గర మందులైపోయాయి. పాటగాడి వంతు వచ్చింది, తెర మీద నా పేరు మినుకుమంటోంది. ఆమె చేతిలోని ఆట రిమోట్‌ను బల్ల మీద పెట్టేసి, టీ గ్లాసు తీసుకుని, వెనక్కి ఒరిగింది.

“ఆపేశావేం?”

“వాని వంతు. ఏం చేస్తడో చూద్దామని.”

పీపీ సంగీతం తిరిగి తిరిగి మొదటికే వస్తోంది. భూతం ఊగుతోంది. నా పేరు వెలుగుతోంది, ఆరుతోంది. ఆమె నా వైపు చూడలేదు, తెరనే చూస్తోంది. టీ తాగడం అయిపోయింది. గ్లాసు కింద పెట్టలేదు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. చెబితే మళ్లీ కోత అవుతుంది.

“తూచ్” అన్నాను.

“ఏది తూచ్?”

“మిషన్. చెన్నై మనిషి. రిపోర్టు మంగళారమే వచ్చింది. నేను తెరవలా.”

ఆమె తల ఊపింది. “ఎరుకే. బుధారం దవాఖాన నర్సు కాగితంల నా నంబరు చూసి నాకే ఫోన్ చేసింది, మీ ఆయన జవాబిస్తలేడు అని. సోమారం పొద్దుగాల రమ్మన్నడు డాక్టర్. సెలవు గిట్ల పెట్టేసిన.”

“మరి నాకు చెప్పొచ్చు గదే, ఇన్ని రోజులు...”

“దవాఖాన పని ఒక్కరోజు ఆపలే నేను. నీకోసం ఆగిన. నువ్వే చెప్తవేమోనని.” గ్లాసు బల్ల మీద పెట్టి, “ఒక్కదాన్ని మోస్తుంటే మస్తు భయమయితుండె” అంది. ఆమె నోట భయమన్న మాట నేను వినడం అదే మొదటిసారి.

రిపోర్టు ఇద్దరం కలిసి తెరిచాం. అందులో సగం మాటలు అర్థం కాలేదు. అర్థమైన ఒక్కటీ చాలు. ఆపరేషన్, ఆ తర్వాత మందులు, ఊడిన జుట్టు, మళ్లీ మొలిచిన జుట్టు. వాటిమీద నేనింతవరకు ఒక్క కోతా కోయలేదు. ఆ శనివారం ఆట మాత్రం ఆమె ముగించింది. పాటగాడి వంతుకు ‘కాచుకో’ నొక్కింది, భూతం దెబ్బ వాడే కాచుకున్నాడు.

ఈ మధ్యాహ్నం పెరుగన్నం అక్కడే వదిలి మెట్ల దగ్గరికెళ్లి ఆమెకు ఫోన్ చేశాను. “తెరువు, లైన్లనే ఉంట” అంది. వేలు ఇంకా దాని మీద దాకా వెళ్లి ఆగుతుంది, దాని బుద్ధి దానిది. నొక్కాను. మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదివి వినిపించాను. ఏమీ లేదట. ఆమె మెల్లగా అడిగింది.

“తూచా?”

“కాదే. నిజ్జం.”

ఇంకో ఆరు నెలలకు ఫోన్ మళ్లీ టింగుమంటుంది. కాలం నాకోసం ఆగిందనుకున్న ఆ నాలుగు రోజులూ నిజానికి ఆగింది మా ఆవిడ.