పెద్దగొంతు తీయించేసిన పదకొండు సెకన్లు

పెద్దగొంతు పోయిన రోజు సాయంత్రం రేడియోవాళ్ళు ఆయనకి నివాళిగా నాలుగు నిమిషాల కార్యక్రమం వేశారు. అందులో ఎప్పటిలాగే ఆ ముక్క కూడా పెట్టారు. "తలుపుకి తాళం ఎవరు వేశారు?" అని ఆయన ప్రశ్న, "నేనే" అని మిల్లు కాపలాదారు జవాబు. మొత్తం కలిపి మూడు సెకన్లు. ఆ ముక్కని కోసి అతికించిన చేతులు నావి. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవకుండా కూర్చుని, పోయిన మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత ఏడుపొచ్చింది. ఇరవై ఆరేళ్ళు ఒకే గదిలో పక్కపక్కన పనిచేశాం మరి.

పెద్దగొంతు అన్నది మేం పెట్టుకున్న పేరు. మనిషిని చూస్తే పిడికెడు. బుష్ కోటు భుజాల మీంచి జారిపోతూ ఉండేది. నోరు తెరిస్తే మాత్రం గదిలో ఇంకో మనిషెవరో మాట్లాడుతున్నారేమోనని కొత్తవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. మొదట్లో బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం ఆయన పని. బస్సు కోసం కూర్చున్న రేడియో అధికారి ఒకాయన ఆ గొంతు విని, ఎక్కాల్సిన బస్సు వదిలేసి, అనౌన్సరు గది వెతుక్కుంటూ వెళ్ళాడట. ఈ కథ నేను వందసార్లు విన్నాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆ అధికారి వదులుకున్నది ఒక్క బస్సు. పెద్దగొంతు రిటైరయ్యేనాటికి మూడు బస్సులయ్యాయి.

రేడియోలో ఆయన చదవనిది లేదు. నది నీటిమట్టం చదివాడు, కూరగాయల ధరలు చదివాడు, తప్పిపోయినవాళ్ళ ఆనవాళ్ళు చదివాడు. తర్వాత భుజానికి రికార్డరు తగిలించుకుని వార్తల వెంట పడ్డాడు. పని రాదని ఎవరూ అనలేరు. వరదలప్పుడు బడి గదుల్లో తలదాచుకున్న జనంతో మూడు రోజులు ఉండిపోయి, ఎవరెవరు బతికున్నారో పేరుపేరునా చదివాడు. ఆ జాబితా విని ఒకావిడ మా ఆఫీసుకి నడిచొచ్చి, గేటు దగ్గరే కూలబడి, ఆయన కాళ్ళు పట్టుకోబోయింది. ఆయన గబుక్కున వెనక్కి జరిగి "లేవమ్మా, లేవండి, మీవాడు క్షేమం, వెళ్ళండి" అన్నాడు. ఆవిడ ఏం చెప్పడానికి వచ్చిందో మాత్రం వినలేదు.

అదే ఆయన జబ్బు. ఎదుటి మనిషి ఆగితే ఓర్చుకోలేడు.

కొంత ఆ వృత్తిదే పాపం. రేడియోలో మాట ఆగిపోతే వినేవాళ్ళు సెట్టు పాడైందనుకుని ముల్లు తిప్పేస్తారు. అందుకని మా దగ్గర ఒక నియమం ఉండేది. పది సెకన్లు చప్పుడు లేకపోతే వేణువు రికార్డు పెట్టెయ్యాలి. ఆ రికార్డు ఎప్పుడూ నా కుడిచేతి పక్కనే సిద్ధంగా ఉండేది. పెద్దగొంతు ఉన్న పూట దాన్ని ముట్టుకునే అవసరం ఒక్కసారి కూడా రాలేదు. ఎవరైనా తడబడితే ఆ వాక్యం ఆయనే పూర్తి చేసేవాడు. ఎవరి గొంతైనా పూడుకుపోతే "అంటే మీ బాధ మాటల్లో చెప్పలేనిది" అని వాళ్ళ బాధ కూడా ఆయనే చెప్పేసేవాడు.

ఇంట్లోనూ అంతే. "వార్తలు అయిపోయాయా? అయితే నేనో మాట చెప్పుకోవచ్చా?" అని వాళ్ళావిడ దెప్పేది. ఆవిడ ఆస్పత్రిలో పడ్డాక చూడ్డానికి వెళ్ళాను. డాక్టరు మంచం మీదికి వంగి "నొప్పి ఎక్కడమ్మా?" అన్నాడు. ఆవిడ ఊపిరి కూడగట్టుకుంటోంది. ఈలోగా పెద్దగొంతు "నిన్నటికన్నా నయమండీ, రాత్రి నిద్ర కూడా పట్టింది" అన్నాడు. ఆవిడ నా వంక చూసింది. నోరు మూసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ నేనూ నోరు మూసుకునే నిలబడ్డాను. ఆ విషయంలో నాకు చాలా అనుభవం ఉంది.

ఇక మిల్లు సంగతి. నేను చేరి రెండేళ్ళయింది, ఇంకా పర్మనెంటు కాలేదు. ఊరి చివర బట్టల మిల్లులో మధ్యాహ్నం పూట మంటలు లేచాయి. వెనక తలుపుకి తాళం ఉంది. తొమ్మిది మంది లోపలే కాలిపోయారు. పెద్దగొంతు అందరికన్నా ముందు అక్కడికి చేరి, కాపలాదారు నోటి ముందు మైకు పెట్టాడు. సాయంత్రం ఆరు గంటల వార్తలకి పావుగంట ముందు, మసి కంపు కొడుతూ టేపు తెచ్చి నా మెషిన్ మీద వేశాడు. నలభై సెకన్లలోకి కుదించాలి.

"తలుపుకి తాళం ఎవరు వేశారు?" అని ఆయన గొంతు. తర్వాత చప్పుడు లేదు. దూరంగా ఎవరో ఏడుస్తున్నారు. బకెట్ల మోత. ఆరో సెకను దగ్గర ఒక మగమనిషి గొంతు సవరించుకున్నాడు, మైకుకి కాస్త వెనకగా, తీరిగ్గా. ఆ తర్వాత మళ్ళీ ఏమీ లేదు. పదకొండో సెకను దాటాక "నేనే" అన్నాడు కాపలాదారు, నేలలోకి చెబుతున్నట్టు.

"ఆ ఖాళీ తీసెయ్ అమ్మాయ్" అన్నాడు పెద్దగొంతు.

"సార్, మధ్యలో దగ్గెవరిది?"

"వెనకాల మేనేజరు నిలబడున్నాడులే. ఆ దగ్గు వల్లే ఇంకా దరిద్రంగా ఉంది. తీసెయ్."

"ఆయన దగ్గాకే కదా సార్ ఈయన..."

"టైము చూడు!"

చూశాను. ఎనిమిది నిమిషాలుంది. బ్లేడు తీసుకుని రెండు చోట్ల కోసి, తీసేసిన ముక్కని మెడలో వేసుకుని, అతుకు వేశాను. ఆరు గంటలకి ఊరు ఊరంతా విన్నది ఆ అతుకునే. "ఎవరు వేశారు?" "నేనే." అడగ్గానే, తడుముకోకుండా, బరితెగించినవాడు చెప్పినట్టు.

తాళం వేసింది అతనే. అందులో అబద్ధం లేదు. పని వేళల్లో ఆ తలుపు తీసి ఉంటే ఉద్యోగం ఊడుతుందని మేనేజరు చెబితే వేశాడు. ఆ మాటే చెప్పాలా వద్దా అని పదకొండు సెకన్లు గింజుకున్నాడు. వెనక నుంచి దగ్గు వినపడింది. ఇంట్లో పెళ్ళాం, చంటిపిల్ల గుర్తొచ్చారు. ఆ పదకొండు సెకన్లూ విన్నవాడు ఎవడైనా "ఆ దగ్గినవాణ్ణి అడగండి" అని ఉండేవాడు. వినడానికి మేం ఉంచితే కదా!

మేనేజరుకి వేరే ఊళ్ళో వేరే మిల్లులో ఉద్యోగం దొరికింది. కాపలాదారుకి మూడేళ్ళ జైలు పడింది. బయటికొచ్చాక ఊరు అతనికి కొత్త పేరు పెట్టింది. "అదుగో నేనే వస్తున్నాడు" అనేవారు. కొళాయి దగ్గర అతని భార్యని "నేనే పెళ్ళాం" అనేవారు. ఆ పేరు వినలేక ఆవిడ జనం లేని వేళ చూసి నీళ్ళకి వెళ్ళేదట. అలా తప్పించుకు తిరుగుతూనే కన్నుమూసింది.

ఆ అతుకుకే పెద్దగొంతుకి ఆ ఏడాది బహుమానం వచ్చింది. తర్వాత వారానికో పూట టీవీ కూడా పిలిచేది. జుట్టుకి రంగు, కోటు, వెనకాల వెలిగే అద్దాల గోడ. కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు ఆ ముక్క వినిపించి "చూశారా, ఒక్క మాట. ఎక్కడా కొవ్వు లేదు" అనేవాడు. నేను గోడ పక్కన కూర్చుని వినేదాన్ని. నేనెందుకు చెప్పలేదంటే, మొదట్లో పర్మనెంటు కావాలి. అయ్యాక ప్రమోషన్ కావాలి. ఆ తర్వాత సిగ్గు. కోసి తీసిన ఆ టేపు ముక్కని మాత్రం పారెయ్యలేదు. పరిస్తే రెండు గజాలకి పైనే ఉంటుంది. ఆయన చప్పరించి పడేసిన గొంతు బిళ్ళల డబ్బాలోనే చుట్టి దాచాను.

ఈమధ్య రేడియోవాళ్ళు ఆయనతో లైవ్ ఇంటర్వ్యూ పెట్టారు. పాత ముచ్చట్లు గుర్తుచేయించుకుందామని మా ఇంటికొచ్చాడు. భార్య పోయాక మనిషి ఇంకా చిక్కిపోయాడు. గొంతు మాత్రం అలాగే ఉంది. మూడు బస్సుల కథ మొదలుపెట్టబోతే ఆయన ముందు ఆ డబ్బా పెట్టాను.

"ఏంటిది?"

"మీరు తీసెయ్యమన్నది."

నా పాత మెషిన్ ఇంకా తిరుగుతోంది. ఆ ముక్క ఎక్కించి వినిపించాను. బకెట్లు, ఏడుపు, దగ్గు, నిశ్శబ్దం. పదకొండు సెకన్లపాటు పెద్దగొంతు నోరు మెదపకుండా ఉండటం నేను చూడ్డం అదే మొదటిసారి. టేపు తోక గిరగిరా కొట్టుకుంటుంటే "ఆపెయ్" అన్నాడు.

"మా ఆవిడ కూడా ఇలాగే ఆగేది. నేనే ఏదో ఒకటి అనేసేవాణ్ణి" అన్నాడు. నేను టేపు వెనక్కి చుట్టి డబ్బాలో పెట్టాను.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి "గురువారం లైవ్‌లో చెప్పేస్తాను. మేనేజరు సంగతి, దగ్గు సంగతి, మొత్తం. ఆ కాపలాదారుని వినమను" అన్నాడు.

కాపలాదారు ఇప్పుడు బడి ఎదురుగా కూర్చుని గొడుగులు బాగుచేస్తాడు. తాళం సంగతి నాతో చెప్పింది కూడా అక్కడే, నా గొడుగు బాగుచేస్తూ. వెళ్ళి గురువారం సంగతి చెప్పాను. ఊచ వంచుతున్నవాడల్లా ఆపి, చాలాసేపటికి "అదే రేడియోలోనా?" అన్నాడు.

"అదే రేడియోలో, అన్నయ్యా."

"అయితే వింటాను. ఊరు విన్నది అందులోనే కదా."

గురువారం పదకొండు గంటలకి కాపలాదారు గదిలో ముగ్గురం కూర్చున్నాం, ఆయనా, ఆనాటి చంటిపిల్లా, నేనూ. ఆయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కూతురు పూట సెలవు పెట్టింది గానీ, ముఖం మాత్రం మాడ్చుకునే ఉంది. పక్కింటివాళ్ళకి కూడా వినపడాలని కిటికీ తీసి, రేడియో గట్టిగా పెట్టింది.

అరగంటసేపు పొగడ్తలు. మూడు బస్సులు. వరదలు. ఆ తర్వాత మాట్లాడిస్తున్న అమ్మాయి హుషారుగా ఆ ముక్క వినిపించింది. "ఎవరు వేశారు?" "నేనే." కాపలాదారు కళ్ళు మూసుకున్నాడు. "ఇంత పదునైన ఇంటర్వ్యూ ఎలా సాధ్యమైంది సార్?" అంది ఆ అమ్మాయి.

"దాని గురించి ఒక మాట చెప్పాలమ్మా" అన్నాడు పెద్దగొంతు. "ఆ రోజు..."

ఆగాడు.

నా వేళ్ళు వాటంతటవే లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. మూడు, నాలుగు. మాట్లాడు మహానుభావా! ఊపిరి వినపడుతోంది. ఏడు, ఎనిమిది. జన్మలో ఎప్పుడూ ఆగనివాడు ఇప్పుడా ఆగడం! నా కుడిచేతి పక్కన రికార్డు లేదు. అక్కడ కూర్చునే మనిషే లేదు. ఇప్పుడా పని మెషిన్ చేస్తుంది. దానికి ఎవరి ముఖమూ కనపడదు. పది.

వేణువు మొదలైంది.

కూతురు లేచి రేడియో మీద కొట్టింది. నేను వద్దని చెయ్యి పట్టుకున్నాను. నిమిషంన్నర వేణువు వాయించి అది దానంతటదే ఆగింది. "...ఎంత గొప్ప మాటలు సార్, నాకు కళ్ళనీళ్ళొచ్చాయి" అంటోంది ఆ అమ్మాయి. "చివరగా ఈ తరానికి మీ సందేశం?" సందేశం ఇచ్చాడు. కష్టపడమన్నాడు.

స్టూడియోలో ఉన్నవాళ్ళకి వేణువు వినపడదు. బయటికి వెళ్ళే దారిలో కలుస్తుంది అది. ఆయన అంతా చెప్పేశాడు. విన్నది నాలుగు గోడలు, ఆ అమ్మాయీను.

పది నిమిషాలకి నా ఫోన్ మోగింది. "చెప్పేశాను అమ్మాయ్!" పెద్దగొంతు. "ఆయన అక్కడే ఉన్నాడా? ఇవ్వు, ఇవ్వు."

"సార్, ముందు నా మాట..."

"ముందు ఆయనకివ్వు!"

స్పీకరు నొక్కి ఫోన్ కాపలాదారు చేతిలో పెట్టాను. పెద్దగొంతు ఆయన్ని ఇన్నేళ్ళ తర్వాత రెండో ప్రశ్న అడిగాడు. "విన్నారా?"

కాపలాదారు ఫోన్ వంక చూశాడు. పెదవి తడుపుకున్నాడు. నా వంక చూశాడు. నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు, తనే చెబుతానన్నట్టు. ఊపిరి పీల్చుకున్నాడు.

"విన్నారన్నమాట" అన్నాడు పెద్దగొంతు. "మీ మనసు నాకు తెలుస్తోంది. మాటలు రావు, అర్థమైంది. క్షమించారు, అది చాలు నాకు. ఉంటానండీ." ఫోన్ పెట్టేశాడు.

నేను వెంటనే తిరిగి చేశాను. ఎంగేజ్. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఎంగేజ్. అందరూ అభినందిస్తున్నట్టున్నారు. ఫోన్ మంచం మీదికి విసిరేశాను. ఆ తర్వాత తొమ్మిది రోజులు చెయ్యలేదు, ఆయన చేస్తే ఎత్తలేదు. కోపం. పదో రోజు ఆయన లేడు.

ఆ గురువారం పూట మాత్రం కూతురు కిటికీ మూసి, చెప్పులేసుకుని పనికి వెళ్ళిపోయింది. కాపలాదారు ఇంకా ఫోన్ ఉన్నట్టే అరచెయ్యి చాపుకుని కూర్చున్నాడు.

"ఏం చెబుదామనుకున్నావు అన్నయ్యా?"

కాసేపటికి అన్నాడు.

"వినలేదండీ, ఇంకోసారి చెప్పండి అందామనుకున్నానమ్మా. నాకు మాట మెల్లిగా వస్తుంది. మొదట్నుంచీ అంతే."