సునంద అక్క వదులుకోని ఆరో అంతస్తు

నిన్న పొద్దున అక్క నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"చెప్పక్కా, సోమవారం మీటింగ్‌కి డ్రాయింగ్స్ రెడీ" అన్నాను.

అటువైపు బావ. "అక్క లేదురా. నిద్రలోనే గుండె ఆగిపోయింది."

అమెరికాలో, బాతెల్ ఊళ్లో మా ఆఫీస్ పార్కింగ్‌లో ఉన్నాను. కార్ దిగలేకపోయాను.

సునంద అక్క నాకు బంధువు కాదు. మా ఆఫీస్‌లో సీనియర్ ఆర్కిటెక్ట్. మాస్టర్స్ చదువుతూ ఆమె దగ్గర ఇంటర్న్‌గా చేరాను. తక్కువ జీతాల వాళ్ల కోసం ఒక అపార్ట్‌మెంట్ డిజైన్ చేస్తున్నాం. కాంక్రీట్ కాదు, మాస్ టింబర్. అంటే కర్రను పొరలు పొరలుగా అతికించి చేసే పెద్ద పెద్ద ప్యానెల్స్‌తో కట్టడం.

చేరిన వారంలోనే అక్కతో గొడవ. కాంక్రీట్ భూమిని ఎలా నాశనం చేస్తోందో చెప్పే కరపత్రాలు నా బ్యాగ్ నిండా ఉంటాయి. డ్రాయింగ్‌లో మెట్ల చుట్టూ కర్ర మీద జిప్సం బోర్డు కనిపించగానే మండిపోయాను.

"కర్రతో కట్టి కర్రని దాచడమేంటక్కా? ఇది మోసం!"

అక్క కాఫీ కప్పు దించలేదు.

"ఒరేయ్ విప్లవం, ఇలా కూర్చో. మంటలొస్తే పైనున్న ముసలావిడ మెట్లు దిగాలా వద్దా? అందాకా ఆ మెట్లని ఎవరు కాపాడతారు, నీ కరపత్రమా?"

మధ్యాహ్నం తనే పిలిచి గోంగూర అన్నం పెట్టింది. తింటూ కూడా వాదించాను. విన్నది.

ఓనర్లతో మొదటి మీటింగ్‌లో అక్క ధీమాగా "ఐదంతస్తులు" అని చెప్పి, ఐదింటికి సరిపోయే కన్‌స్ట్రక్షన్ టైప్, అంటే మంటల్ని ఎంతసేపు తట్టుకోవాలో చెప్పే కట్టడం రకం, ఎంచుకుంది. తీరా డ్రాయింగ్ చూస్తే ఆరు! మనం గ్రౌండ్ ఫ్లోర్‌ని లెక్కలో వేసుకోం కదా, ఇక్కడ అదే ఒకటో అంతస్తు. ఇన్నేళ్లు అమెరికాలో ఉన్నా ఆ అలవాటు పోలేదు.

"సారీ, గ్రౌండ్ ఫ్లోర్ గుంటూరులో మర్చిపోయొచ్చాను" అని పగలబడి నవ్వింది.

ఓనర్లు నవ్వలేదు. ఆరో అంతస్తు కావాలంటే బిల్డింగ్ కోడ్ ప్రకారం టైప్ ఫోర్-సి అనే రకంలో కట్టాలి. బిల్డింగ్ మంటల్లో రెండు గంటలు నిలబడాలి. కర్ర మందం పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

"అయితే ఒక ఫ్లోర్ తీసేద్దాం" అన్నారు.

అక్క నవ్వు ఆగిపోయింది. "ఫ్లోర్ కాదు మీరు తీసేది, కుటుంబాల్ని. నేను గీయను."

అప్పట్నుంచీ అదే పోరాటం. ఫోర్-సిలో ఇళ్ల సీలింగులకి బోర్డు వేయక్కర్లేదు, కర్ర అలాగే కనిపించొచ్చు, అక్కడ కొంత ఖర్చు తగ్గుతుందని మళ్లీ మళ్లీ చూపించింది. సోమవారం ఏదో ఒకటి తేలాలి.

ఈరోజు బావ పక్కన కూర్చుని ఉండగా ఓనర్ల మెయిల్ వచ్చింది. పైన సంతాపం. కింద, ఐదంతస్తులతోనే వెళ్దామని.

ఒక్కరోజు కూడా ఆగలేదు!

ఫోన్ విసిరికొట్టబోతే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వెళ్లి మాట్లాడు. మీరిద్దరూ చేసిన పనేగా."

సోమవారం మీటింగ్‌కి వెళ్తున్నాను. ఇంటర్న్‌ని నన్ను మాట్లాడనిస్తారో లేదో తెలియదు. ఓనర్లు ఒప్పుకుంటే ఆ ఆరో అంతస్తులో ఎవరో పొయ్యి వెలిగించుకుంటారు, పిల్లల్ని స్కూల్‌కి పంపుతారు. అక్క పేరు కూడా వాళ్లకి తెలియదు.

ఒప్పుకోకపోతే...

అది రాయడానికి చెయ్యి రావడం లేదు.

వెళ్లిరా అక్కా. ఎవరితోనూ వాదించాల్సిన పనిలేని చోట, మనశ్శాంతిగా ఉండు.