కుడితి కుండలో కవరు

మా చిన్నప్పుడు... తిరుపతిలో రైలు గేటు అవతల మా వీధిలో ప్రతి వాకిట్లోనూ ఒక కుడితి కుండ ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, వంచిన గంజి, కూరగాయల తొక్కలు... అన్నీ అందులోకే. కుండలన్నీ మునెమ్మవే... సాయంత్రానికి వచ్చి కుడితి ఎత్తుకుపోయి తన ఎనుముకు పెట్టేది.

"ఆహా, ఆ రోజులే వేరు" అని కింద కామెంట్ రాయబోతున్న వాళ్ళు కాస్త ఆగండి. పూర్తిగా చదివి అప్పుడు రాయండి.

మునెమ్మది వీధి చివర రేకుల ఇల్లు. మొగుడు పోయినాడు. ఒక్క ఎనుము... దాని పాలతోనే బతుకు. మా అమ్మ సుగుణ కంటే పదేండ్లు పెద్దది. అమ్మ "అక్కా" అని పిలిస్తే, ఆమె "ఏమ్మే సుగుణా" అనేది. మిగతా ఇండ్ల కుడితిలో చెయ్యి పెట్టి కలబెట్టి చూసిగానీ ఎనుముకు పెట్టేది కాదు... గాజుపెంకో, గుండుసూదో ఉంటుందని భయం. మా ఇంటి కుండను మాత్రం ఎప్పుడూ చూసింది లేదు. "సుగుణ ఇంటి కుడితి నేను తాగినా ఏం కాదు" అనేది.

ప్లాస్టిక్ కవర్లు అప్పుడప్పుడే వస్తా ఉండాయి. నాయన పనిచేసే బట్టలంగడి కవర్లు మా ఇంట్లో నాలుగైదు ఉండేవి. అమ్మ వాటిని కడిగి, తీగ మీద ఆరేసి, చిరిగిపోయేదాకా వాడేది.

నాకప్పుడు తొమ్మిదేండ్లు. ఎండాకాలం సెలవులు. మామిడిపండ్లు తిని తొక్కలన్నీ ఒక కవర్లో వేసినాను. తొక్కలు కుండలో పోసి, కవరు కడిగి ఆరేయాల. బయట తొక్కుడుబిళ్ళకు పిలుస్తా ఉండారు... కవరుతో సహా కుండలోకి తోసేసి పరిగెత్తినాను.

మర్నాడు పొద్దున్నే మునెమ్మ వచ్చింది. చేతిలో జిగటగా, నురగ పట్టిన కవరు. దాని మీద అంగడి పేరు స్పష్టంగా కనపడతా ఉండాది. అమ్మ వేసిన ముగ్గు మీద దాన్ని విసిరి కొట్టింది.

"సూడు! బాగా సూడు! నా ఎనుము గొంతులోంచి తీసినారు దీన్ని. నిండు సూడిది... పొట్ట ఉబ్బి, నురగ కక్కి పడిపోయింది. పశువుల డాక్టరు మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగినాడు. అది పోయుంటే నేను యాడికి పోవాల సుగుణా?"

నేను తలుపు వెనకాల ఉండాను. "నేనే వేసినాను" అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు.

"మా ఇంట్లో కవరు పారేసేవాళ్ళు ఎవరూ లేరక్కా" అనింది అమ్మ.

"అంటే నేను అబద్ధం సెప్తా ఉండానా?"

వీధి వీధంతా వచ్చి నిలబడింది. అందరూ అమ్మ వైపే చూస్తా ఉండారు. అమ్మ ముఖం కందిపోయింది. అప్పుడు అనింది ఆ మాట...

"ఏయ్ మునెమ్మా... గొడ్డును మేపే గతి లేక ఇంటింటా కుండ పెట్టి అడుక్కునేదానివి, నా వాకిట్లోకి వచ్చి నన్ను నిలదీస్తావా?"

మునెమ్మ మా గుమ్మం దగ్గరి కుండను ఎత్తి, ఉన్న కుడితంతా కాలవలో పారబోసి, ఖాళీ కుండ చంకన పెట్టుకొని పోయింది.

మూడో రోజు నేను తట్టుకోలేక చెప్పేసినాను. అమ్మ చేతికి దొరికిన చీపురుతో వాయించింది... కొడతా కొడతా తనే ఏడ్చింది. మధ్యాహ్నం నన్ను రెక్క పట్టుకొని మునెమ్మ ఇంటికి ఈడ్చుకుపోయింది.

మునెమ్మ ఎనుముకు గడ్డి వేస్తా ఉండాది. మమ్మల్ని చూసి కూడా చేతి పని ఆపలేదు.

"తప్పు మాదే అక్కా. కవరు వేసింది నా బిడ్డే. నేను కూడా నోరు జారినాను..."

మునెమ్మ గడ్డి దులుపుకొని లేచింది. నా వైపు చూసింది. కోపంగా కూడా కాదు.

"పసిబిడ్డ, తెలీక వేసింది. ఆ కవరును డాక్టరు చెయ్యి పెట్టి తీసేసినాడు. నువ్వన్న మాటను ఎవురు తీస్తారు సుగుణా?"

ఎనుము బాగానే ఈనింది. పెయ్యదూడ. కానీ మునెమ్మ మా వాకిట్లో మళ్ళీ కుండ పెట్టలేదు. అమ్మే రోజూ సాయంత్రం కుడితిని బకెట్లో మోసుకుపోయేది. మునెమ్మ తీసుకునేది, బకెట్ కడిగి ఇచ్చేది... ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. నాలుగేండ్లు అట్లే గడిచినాయి. మేము ఇల్లు ఖాళీ చేసి రేణిగుంటకు పోయేరోజు వీధిలో అందరూ వచ్చినారు, ఆమె తప్ప. ఆ మాట అన్నందుకు అమ్మ మీద, నోరు మూసుకున్నందుకు నా మీద... నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెప్తా ఉండానంటే...

పోయిన నెల మా అపార్ట్‌మెంట్‌లో మీటింగ్ పెట్టినారు. తడి చెత్త, పొడి చెత్త, గుడ్డ సంచులు... ఆ తర్వాత ఎదుటి మనిషి మనసు నొప్పించకుండా మాట్లాడటం ఎట్లా అని ఒక పెద్దాయన గంటసేపు చెప్పినాడు. అందరం చప్పట్లు కొట్టినాము. అంతలో మా చెత్త ఎత్తుకుపోయే ఆమె వచ్చి తలుపు దగ్గర నిలబడి, తాగేదానికి నీళ్ళు అడిగింది.

"ఏయ్, మీటింగ్ జరుగుతా ఉంటే కనపడలేదా? పో కిందికి!" అన్నాడు ఆ పెద్దాయనే.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడినాను. "సార్, ఆమె పేరేమి?" అని అడిగినాను.

ఆయనకు తెలీదు. పక్కాయనకు తెలీదు. నలభై మంది కూర్చున్నారు, ఒక్కరికీ తెలీదు. "మీకు తెలుసా మేడం?" అని ఎవరో ఎదురు అడిగినారు.

మూడేండ్లుగా నా వాకిట్లో చెత్త ఎత్తుతా ఉండాది... నాకూ తెలీదు.

బయటికి పోయి నీళ్ళిచ్చి, అడిగి తెలుసుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయినాను.

అప్పట్లో మా వీధిలో నోళ్ళు మంచివి కావు. తిట్టుకున్నా పేరు పెట్టి తిట్టుకునేవాళ్ళం... మాటలు ఆగిపోతే, ఎవరితో ఆగిపోయినాయో తెలిసేది. ఇప్పుడు మెత్తగా మాట్లాడటం నేర్చుకున్నాము, ఎవరితో మాట్లాడాలో మరిచిపోయినాము.

"మా చిన్నప్పుడు కూడా..." అని తర్వాత రాద్దురు. ముందు మీ ఇంటి చెత్త ఎత్తే మనిషి పేరేమో రాయండి. తెలీకపోతే... రేపు పొద్దున అడిగి, వచ్చి రాయండి.