సలోమి సిస్టర్ అడిగిన తీరు

ఈ ఉదయం వార్డులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ కలుపుతున్నాను. చిన్న సీసాలోని తెల్లపొడిలోకి నీళ్ళు ఎక్కించి అరచేతుల మధ్య తిప్పుతుంటే ఆ గాజు చల్లదనానికి సలోమి సిస్టర్ గుర్తొచ్చారు. కరీంనగర్‌లో ఒక ఎముకల ఆసుపత్రిలో నేను కొత్త నర్సుగా చేరినప్పుడు ఆవిడ మా హెడ్ సిస్టర్. మిషన్ కాంపౌండ్‌లో పుట్టి పెరిగిన మనిషి. గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు. నా సంగతి వేరు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన నాకు ఏ ఊరూ దక్కేది కాదు.

లచ్చవ్వ జైనూర్ దిక్కు పల్లె నుంచి మోకాలి కీలు మార్పిడికి వచ్చింది. చేర్చుకునేటప్పుడు రోజూ వాడే మందులేమిటని అడిగి రాసుకోవడం నా పని. పక్క మంచంలోని పెద్దాయన ఊళ్ళో ఆరెంపీ డాక్టరు ఇచ్చిన నొప్పి గోలీలు తీసి చూపించాడు. పానం మీదికి తెచ్చుకుంటావా, బుద్ధుందా అని వార్డంతా వినపడేలా దులిపేశాను. ఆ ఊపులోనే లచ్చవ్వ వైపు తిరిగి అదే ప్రశ్న అడిగాను. ఏం లేవు బిడ్డా అంది. ఏమీ లేవని రాసేశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. కీలు మార్పిడికి వచ్చినవాళ్ళకు మత్తు ఇచ్చేటప్పుడే ఒక డోసు స్టెరాయిడ్ ఇవ్వడం మా దగ్గర అలవాటు. నొప్పి, వాంతులు తగ్గి మనిషి తొందరగా లేచి నిలబడతాడు. మరునాడు లచ్చవ్వ వాకర్ పట్టుకుని తలుపు దాకా నడిస్తే అందరం మెచ్చుకున్నాం. మూడో రోజు పొద్దున వాంతులు మొదలై, కళ్ళు తేలేసింది. బీపీ పడిపోయింది. ఎన్ని సెలైన్లు పెట్టినా లేవడం లేదు. రక్తం పోతోందేమో, గుండె దెబ్బతిందేమో అని డాక్టరుగారు ఒకదాని వెంట ఒకటి పరీక్షలు రాస్తున్నారు. కూతురు తల్లి పాదాలు పట్టుకుని కూర్చుండిపోయింది.

సలోమి సిస్టర్ వచ్చి ముందుగా లచ్చవ్వ ముంజేయి చూశారు. కాగితంలా పల్చబడ్డ చర్మం, అక్కడక్కడా కమిలిన మచ్చలు. ఒళ్ళు సన్నగా ఉన్నా ముఖం మాత్రం గుండ్రంగా ఉబ్బి ఉంది. మూడు రోజులుగా అదే చేతికి నేను సూదులు గుచ్చుతున్నాను, నా కంటికి ఆనలేదు. ఆవిడ మంచం అంచున కూర్చుని లచ్చవ్వ చెవి దగ్గరికి వంగారు.

"అవ్వా, మా అమ్మకు మోకాళ్ళ నొప్పులకు ఆరెంపీ గోలీలు నేనే కొనుక్కచ్చి ఇచ్చిన. రెండేండ్లు. నర్సునయ్యుండి గా పని చేసిన. నువ్వెన్నేండ్ల సంది వేసుకుంటున్నవ్?"

లచ్చవ్వ కళ్ళు తెరవకుండానే పెదవులు కదిపింది.

"నాలుగేండ్లు బిడ్డా. ఈడికొచ్చినంక బంద్ చేసిన. గా పిల్ల కోప్పడ్తదని చెప్పలే."

ఆ పిల్లను నేనే.

ఆరెంపీలు నొప్పులకిచ్చే గోలీల్లో తరచూ స్టెరాయిడే ఉంటుంది. వాటిని ఏళ్ళ తరబడి మింగితే చర్మం పల్చబడి ముఖం ఉబ్బుతుంది, పైగా ఒంట్లో తనంతట తానుగా ఊరే అలాంటి రసం ఊరడం తగ్గిపోతుంది. గోలీలు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. మత్తు వేళ ఇచ్చిన ఒక్క డోసు ఆమెను అంతవరకూ నిలబెట్టింది. సిస్టర్ సంగతి చెప్పగానే డాక్టరుగారు నరంలోకి స్టెరాయిడ్ ఇవ్వమన్నారు. ఆవిడే సీసా అందుకుని కలిపారు. మధ్యాహ్నానికి బీపీ నిలబడింది. సాయంత్రం లచ్చవ్వ కూతుర్ని జర చాయ్ పొయ్యమంది. అన్ని పరీక్షలకూ దొరకని జబ్బును ఒక మనిషి తన తప్పు తాను చెప్పుకుని బయటపెట్టింది!

డ్యూటీ దిగేటప్పుడు ఏడుస్తూ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. తిట్లకు సిద్ధపడే వెళ్ళాను కానీ ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. తల్లికి గోలీలిచ్చిన సంగతి నిజమేనా అని అడిగాను.

"నిజమే. ఇన్నేండ్లు ఎవ్వలకు చెప్పలే," అన్నారు. "ఇయ్యాల పనికొచ్చింది."

సిస్టర్ ఇప్పుడు లేరు. నేనూ హెడ్ సిస్టర్‌నయ్యాను. నా గొంతు ఈనాటికీ పెద్దదే. అయితే కీలు మార్పిడికి ఎవరు వచ్చినా, కాగితం తియ్యకముందే స్టూలు లాక్కుని పక్కన కూర్చుంటాను. "నా నోటికి బుగులువడి ఓ అవ్వ గోలీల ముచ్చట దాచింది. పానం పోయేటిది. తప్పు నాదే," అని చెబుతాను. ఆ తర్వాత నేను అడగాల్సిన పని ఉండదు. వాళ్ళే మందుల సంచి విప్పుతారు.